జింక మేసిన చేను: కర్నూలు మెట్ట రైతుల కాపలా చరిత్ర

కర్నూలు, నంద్యాల జిల్లాల మెట్ట పొలాల్లో కాపలా విత్తనం పడిన వారంలోనే మొదలవుతుంది. గింజ చీలి రెండాకులు పైకి రాగానే వాటి కోసం జింకలు వస్తాయి. ఒక మంద రాత్రిపూట చేలో పడితే తెల్లారేసరికి సాళ్లు మిగులుతాయి, మొక్కలు మిగలవు. రైతు మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ గొర్రు కట్టాలి, అదీ నేలలో పదును ఆరిపోకముందే. పదును ఆరిపోయిందంటే ఆ ఏడు ఆ చేనికి పంట లేనట్టే.

నేను ఈ నేల మీద పుట్టినవాణ్ణి. మా నాయన నల్లరేగడి చేను ఇప్పుడు మా తమ్ముడు చేస్తున్నాడు. నేను బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. అక్టోబరులో శనగ విత్తినప్పటి నుంచి సంక్రాంతి దాటి పైరు పీకేదాకా మా తమ్ముడు రాత్రిళ్లు ఇంట్లో పడుకోడు. చేని గట్టున మంచం, దుప్పటి, టార్చిలైటు, ఒక రేకు డబ్బా, ఒక కట్టె. అరవై దాటిన మనిషి చలికాలమంతా అలా మంచులో గడుపుతాడు. మా ఊరి చుట్టూ ఏ పొలానికి వెళ్లినా ఇదే తీరు.

జింక మీద మా ఇంట్లో ఎవరికీ పగ లేదు. ఈ నేల మీద జింకకూ రైతుకూ నడుమ ఒకప్పుడు కొన్ని ఏర్పాట్లు ఉండేవి. అవి ఒక్కొక్కటే తెగిపోయాయి. ఎప్పుడు తెగాయో, ఎవరి చేతిలో తెగాయో, తెగిన తర్వాత భారం ఎవరి మీద పడిందో రాసి పెట్టాలన్నది నా కోరిక.

నాగలి కంటే ముందున్న జంతువు

బేతంచెర్ల దగ్గర బిళ్లసుర్గం గుహలున్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అక్కడ తవ్వకాలు మొదలుపెట్టినప్పుడు మట్టి పొరల్లో రకరకాల జంతువుల ఎముకలు బయటపడ్డాయి. వాటిలో జింకల జాతివీ ఉన్నాయి. మనిషి ఇక్కడ గింజ చల్లడానికి చాలా ముందే జింక ఇక్కడ గడ్డి మేసింది. ఈ సంగతి ఒప్పుకున్నాకే రైతు కష్టం గురించి మాట్లాడటం న్యాయం.

మా చేలలో పడేది కృష్ణజింక. మగదాని వీపు నలుపు, పొట్ట తెలుపు, కళ్ల చుట్టూ తెల్లటి వలయం, మెలి తిరిగిన పొడవాటి కొమ్ములు. ఆడది గోధుమ రంగులో ఉంటుంది, కొమ్ములుండవు. ఏటా కొమ్ములు రాల్చుకునే దుప్పుల కుటుంబంలో శాస్త్రజ్ఞులు దీన్ని కలపరు. మా ఊళ్లో మగదాన్ని ఇర్రి అనీ, ఆడదాన్ని లేడి అనీ, మొత్తం మందను జింకలనీ అంటారు.

బయటివాళ్లకు తెలియని ముఖ్యమైన సంగతి ఒకటుంది. కృష్ణజింక అడవి నుంచి రాదు. నల్లమల అడవిలో ఉండేవి చుక్కల దుప్పి, కణుజు. కృష్ణజింకకు దట్టమైన చెట్లు పనికిరావు. దానికి దూరం దాకా కనిపించే బయలు కావాలి, పొట్టి గడ్డి కావాలి, శత్రువు కనబడగానే పరుగెత్తే వీలుండాలి. గంటకు 80 కిలోమీటర్ల దాకా పరుగెత్తగల జంతువు అది. అందుకే దాని ఇల్లు మా బీళ్లు, మా వంకల ఒడ్లు, ఊరుమ్మడి మేత భూములు. అంటే చేను పక్కనే దాని కాపురం. అడవికి కంచె వేస్తే ఏనుగునో దుప్పినో కొంతైనా ఆపవచ్చు. కృష్ణజింకను ఆపడానికి కంచె వేయదగిన అడవే లేదు.

ఆ బయలులో ఒకప్పుడు దాన్ని తినే జంతువులూ ఉండేవి. చీతా ఉండేది, తోడేలు ఉండేది. చీతా మన దేశంలో అంతరించిపోయిందని 1952లో ప్రభుత్వం ప్రకటించింది. తోడేళ్లు కొన్ని మిగిలినా గొర్రెల కాపరులతో వాటికి పడదు, వాటి సంఖ్యా తగ్గింది. మందను అదుపులో పెట్టే జంతువులు ఆ విధంగా తొలగిపోయాయి.

మంచె, వడిసెల, తలారి

చేను కాయడం తెలుగు నేల మీద పాత పని. శాతవాహనుల నాటి హాలుడి గాథాసప్తశతిలో పొలం కాచే ఆడపిల్లలు కనిపిస్తారు. పైరు ఉన్నప్పటి నుంచీ దాన్ని కాచే మనిషీ ఉన్నాడు. ఆ పని ఎక్కువగా పడింది ఆడపిల్లల మీద, ముసలివాళ్ల మీద, పేదల మీద.

మా చిన్నతనంలో మంచె లేని జొన్నచేను ఉండేది కాదు. నాలుగు తుమ్మ గుంజలు పాతి, మనిషి తల కంటే ఎత్తులో అడ్డకర్రలు కట్టి, పైన కంది కట్టె పరిచి, ఎండా మంచూ తగలకుండా జొన్న దంటుతో చిన్న కప్పు వేసేవాళ్లు. పగలు పిట్టలను తోలేందుకు పిల్లలు, రాత్రి జింకలనూ పందులనూ తోలేందుకు పెద్దవాళ్లు మంచె ఎక్కేవాళ్లు. చేతిలో వడిసెల. గోగునారతో పేనిన రెండు తాళ్లు, నడుమ రాయి పెట్టుకునే అల్లిక. ఒక తాడు కొస వేలికి తగిలించి, రెండోది బొటనవేలితో అదిమి పట్టి, తల మీదుగా గిర్రున తిప్పి వదిలితే రాయి చేని ఆ కొసన పడేది. మా అవ్వ వడిసెల విసిరితే రాయి పడాలనుకున్న సాలులోనే పడేది. ఆమె ఎప్పుడూ జింక ఒంటికి తగిలేలా విసరలేదు. ముందు నేల మీద రాయి పడి దుమ్ము లేస్తే మంద తిరిగి పోతుందని చెప్పేది.

మంచె మీద ఉన్న మనిషి ఒంటరి కాదు. ఈ మంచె మీద కేక వేస్తే ఆ మంచె మీద వాళ్లు అందుకునేవాళ్లు. మంద ఏ వైపు పోతున్నదో ఒకరి నుంచి ఒకరికి తెలిసేది. దాని వెనక ఊరి కట్టుబాటు ఉండేది. ఊరి పనులు చేసి కల్లంలో గింజ తీసుకునే ఆయగాళ్లలో తలారి ఒకడు. వెట్టి పనులతో పాటు పైరు కాపలా కూడా అతని బాధ్యత. కల్లంలో గింజ కొలిచేటప్పుడు అతనికి మేర కొలిచి ఇచ్చేవాళ్లు. ఆ ఏర్పాటులో కులం బరువూ ఉంది, తక్కువ కూలీ ఉంది. దాన్ని మంచి రోజులని పొగడటం నాకు ఇష్టం లేదు. అందులో ఒక్క సూత్రం మాత్రం సరైనది. కాపలా ఖర్చు ఊరంతటిదీ అన్న సూత్రం. చేను ఎవరిదైనా కాపలా మనిషికి అందరి కల్లాల నుంచీ గింజ వెళ్లేది.

పంటల తీరు కూడా రైతును కొంత కాచింది. పచ్చజొన్న, కొర్ర, సజ్జ ఇంటి విత్తనంతో విత్తే పంటలు. సాళ్ల నడుమ కంది, అనుము, గోగు ఉండేవి. జింక ఒకటి మేస్తే ఇంకొకటి మిగిలేది. మొలక పోయినా గాదెలో గింజ ఉండేది కాబట్టి మళ్లీ చల్లడానికి అప్పు అవసరం పడేది కాదు.

వేట, తుపాకీ

చేను కాయడం ఒక పక్క నడిస్తే వేట ఇంకో పక్క నడిచింది. శ్రీశైలం గుడి ప్రాకారపు గోడ చుట్టూ నడిస్తే రాతిలో వేట దృశ్యాలు కనిపిస్తాయి. హంపిలో మహానవమి దిబ్బ మీదా వేటగాళ్లు, జింకలు ఉన్నాయి. మొగలు పాదుషాల కాలం నుంచి సంస్థానాల కాలం దాకా మచ్చిక చేసిన చీతాలను జింకల మీదికి వదలడం ఉత్తర, దక్షిణ దేశాల దర్బారుల్లో గొప్ప వినోదం. హైదరాబాదులో ఇవాళ వనస్థలిపురం దగ్గరున్న మహావీర్ హరిణ వనస్థలి కూడా నిజాం వేట మైదానమే. 1975లో దాన్ని జింకల కోసం కేటాయించారు.

దొరల వేట వినోదం కోసం. ఊరి వేట కూర కోసం, కొంత చేను కోసం. బోయలు వలలతో, ఉరులతో వేటాడేవాళ్లు. సంక్రాంతికి మా సీమలో పారువేట ఉంది. అహోబిలం నరసింహస్వామి కనుమ నాడు పారువేటకు బయలుదేరి దాదాపు నలభై రోజుల పాటు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతాడు. కోతలు ముగిసే వేళ దేవుడే వేటకు వెళ్లే ఆచారం ఉందంటే, ఈ నేల మీద చేనుకూ వేటకూ ఎంత దగ్గరి సంబంధమో ఊహించుకోవచ్చు.

ఇంగ్లీషు వాళ్లు తుపాకీకి లైసెన్సు పెట్టారు. 1878 ఆయుధాల చట్టం తర్వాత ఊళ్లో తుపాకీ ఉన్న ఇల్లు లెక్కకు ఒకటో రెండో. అయినా పైరు కాపలాకని నాటు తుపాకీకి లైసెన్సు ఇచ్చే పద్ధతి సాగింది. స్వతంత్రం వచ్చాక చేసిన 1959 ఆయుధాల చట్టంలోనూ పంట రక్షణ కోసం మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చని రాసి ఉంది. అడవి పక్షులు, జంతువుల రక్షణకు 1912లో చేసిన చట్టం వేటకు కాలపరిమితులు పెడుతూనే, తన ఆస్తిని కాపాడుకోవడానికి నిజంగా జంతువును చంపినవాడికి ఆ చట్టం వర్తించదని చెప్పింది. అంటే 1972 దాకా చేనిలో పడిన జింకను తోలడానికి, చివరికి కాల్చడానికి కూడా రైతుకు చట్టంలో చోటుండేది.

ఆ చోటును ఎక్కువగా వాడుకున్నది రైతు కాదు. స్వతంత్రం తర్వాత జీపులు వచ్చాయి. జీపు మీద పెద్ద లైటు పెట్టి, రాత్రిపూట బయలు మీదికి తోలి, కళ్లు చెదిరి నిలబడిపోయిన జింకలను కాల్చేవాళ్లు పట్నాల నుంచి వచ్చేవాళ్లు. ఈ దేశంలో ఊళ్ల పక్క బయళ్లలో మందలు మందలుగా తిరిగిన కృష్ణజింక ఇరవై, ముప్పై ఏళ్లలోనే చాలా చోట్ల కనబడకుండా పోయింది. మా నాయన తరానికి జింక మందలు తెలుసు. నా బడి రోజుల్లో జింక కనబడితే మేం కేకలు పెట్టి ఒకరికొకరు చూపించుకునేవాళ్లం.

1972 చట్టం ఏం మార్చింది

అందుకే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అవసరమైన చట్టం. అది రాకపోతే కృష్ణజింక చీతా దారినే పోయేది. ఆ చట్టం చేయమని పార్లమెంటును కోరుతూ తీర్మానం చేసిన మొదటి రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. కృష్ణజింకను మొదటి షెడ్యూలులో, అంటే పులి ఉన్న జాబితాలో చేర్చారు. దాన్ని చంపితే మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల దాకా జైలు. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా అయింది. తెలంగాణ విడిపోయాక చుక్కల దుప్పిని తన రాష్ట్ర జంతువుగా ఎంచుకుంది.

చట్టంలోని ఒక మెలిక మాత్రం రైతు బతుకును నేరుగా తాకింది. కింది షెడ్యూలులోని జంతువు పంటను నాశనం చేస్తుంటే దాన్ని చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వవచ్చు. నిలిచి ఉన్న పైరును ఆస్తిగా చట్టమే పేర్కొంది. మొదటి షెడ్యూలు జంతువు విషయంలో ఆ వీలు లేదు. అది మనిషి ప్రాణానికి ప్రమాదమైతేనో, బాగుపడనంత జబ్బు పడితేనో, గాయపడితేనో అనుమతి. కృష్ణజింక మనిషిని చంపదు. కాబట్టి అది ఎన్ని ఎకరాలు మేసినా చట్టం దృష్టిలో అది కారణం కాదు.

మరో సెక్షన్ ప్రకారం చచ్చి పడి ఉన్న అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. చేని గట్టున జింక చచ్చి కనిపిస్తే రైతు ముట్టుకోకూడదు, కబురు చేయాలి. సర్కారు మనుషులు వచ్చి పంచనామా చేసి తీసుకుపోతారు. అదే జింక బతికుండగా మేసిన శనగకు యజమాని ఎవరూ లేరు. ఇదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న అసలు మాట. జింకను చంపే హక్కు రైతు నుంచి తీసుకోవడం న్యాయం. దాని మేత ఖర్చు మాత్రం రైతు దగ్గరే వదిలేయడం అన్యాయం.

రోళ్లపాడు నేర్పిన పాఠం

ఈ అన్యాయం ఎంత దూరం తీసుకుపోతుందో మా పక్కనే ఉన్న రోళ్లపాడు చెబుతుంది. ఇప్పుడు నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలో ఉన్న ఆ ఊరి గడ్డి మైదానాల్లో, అంతరించిపోతున్న బట్టమేక పిట్ట ఉందన్న సంగతి 1980 ప్రాంతంలో లోకానికి తెలిసింది. మగపిట్ట 15 కిలోల దాకా తూగుతుంది. నేల మీద ఒకే గుడ్డు పెడుతుంది. 1980ల మొదట్లోనే బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు అక్కడ మకాం వేసి దాన్ని గమనించారు. 1988లో 614 హెక్టార్ల భూమిని అభయారణ్యంగా ప్రకటించారు. గడ్డి భూములకు కందకాలు, కంచెలు వచ్చాయి. పశువులను లోపలికి తోలొద్దన్నారు, గడ్డి కోయొద్దన్నారు.

గడ్డి బాగా పెరిగింది. మొదట్లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని ఉన్న కృష్ణజింకలు పదేళ్లు తిరిగేసరికి వందలయ్యాయి. 614 హెక్టార్లు ఆ మందలకు ఏ మూలకూ చాలవు. పగలు కంచె లోపల, చీకటి పడ్డాక రైతుల చేలలో మేత. అక్కడ పనిచేసిన రంజిత్ మనకడన్, అసద్ రహ్మానీ వంటి శాస్త్రజ్ఞులే రోళ్లపాడులో కృష్ణజింకల పంట నష్టం గురించి రాశారు. పిట్టను కాపాడటానికి వచ్చినవాళ్లు రైతు నష్టాన్ని లెక్కకు తెచ్చారు, అందుకు వాళ్లకు దండం పెట్టాలి.

ఆ ఊళ్ల రైతులు రెండు వైపులా పోగొట్టుకున్నారు. పశువుల మేత భూమి పోయింది, ఆ భూమి మీద పెరిగిన జింకలు పైరు మేశాయి. పిట్ట కోసమే ఇదంతా జరిగిందని వాళ్లకు తెలుసు కాబట్టి కోపం పిట్ట మీదికి మళ్లింది. నిజానికి బట్టమేక పిట్ట చేలో మిడతలనూ పురుగులనూ ఏరుకు తింటుంది, రైతుకు చెరుపు చేయదు. అటుపైన అలగనూరు రిజర్వాయరు వచ్చింది, నీళ్లు వచ్చిన చోట మెట్ట పంటలు పోయి తడి పంటలు వచ్చాయి. బీళ్లు తగ్గాయి. ఇవాళ రోళ్లపాడులో బట్టమేక కనబడిందంటే అదే పెద్ద వార్త.

మధ్యప్రదేశ్ శివపురి జిల్లాలోని కరేరాలోనూ ఇదే జరిగింది. 1981లో అక్కడ బట్టమేక కోసం అభయారణ్యం ప్రకటించారు. రైతుల సొంత భూములు అందులో కలిశాయి. కృష్ణజింకలు పెరిగి పంటలు మేశాయి. ఊళ్లు అభయారణ్యానికి ఎదురు తిరిగాయి. 1990లలోనే అక్కడి నుంచి పిట్ట మాయమైంది. రైతు నష్టాన్ని పట్టించుకోని రక్షణ చివరికి తాను కాపాడదలచిన ప్రాణినీ కాపాడలేదని ఈ రెండు చోట్లా రుజువైంది.

మారిన పంట, మారిన కాపలా

గత పాతికేళ్లలో మా నల్లరేగడి రూపమే మారిపోయింది. జొన్న, కొర్ర పోయి జేజీ 11 రకం శనగ వచ్చింది. త్వరగా చేతికొస్తుంది, వానాకాలం పదునుతోనే పండుతుంది, కూలీలు తక్కువ కావాలి. రైతుకు అది మేలు చేసింది. అయితే చలికాలంలో చుట్టూ గడ్డంతా ఎండిపోయి పసుపు పచ్చగా మారిన వేళ పచ్చగా కనిపించేది శనగ చేనొక్కటే. జింక అటే వస్తుంది. ఎర్రనేలల్లో వానాకాలం పత్తి, బుడ్డలు (వేరుశనగ), కంది. ఏ పంటైనా మొలక దశలోనే దెబ్బ ఎక్కువ. విత్తనం అంగట్లో కొన్నది, ఎరువు అప్పు మీద తెచ్చింది. మళ్లీ విత్తడమంటే మళ్లీ అప్పు. మేసిన దాని కంటే తొక్కిందీ, పడుకుని అణగదొక్కిందీ ఎక్కువని ఏ రైతును అడిగినా చెబుతాడు.

బీళ్లు ఏమయ్యాయన్నది రెండో ప్రశ్న. కొన్ని పేదలకు పట్టాలుగా పోయాయి, అది న్యాయమే. కొన్ని ఆక్రమణలయ్యాయి. గని, శకునాల ఊళ్ల దగ్గర దాదాపు 6,000 ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. దేశానికి కరెంటు కావాలి, కాదనను. ఎవరికీ పనికిరాదని కాగితాల్లో రాసిన బంజరు గొర్రెకూ జింకకూ మేత భూమి. అది పోయిన ప్రతిసారీ ఆ మేత మా చేల నుంచి పోతుంది.

మంచెలు ఇప్పుడు అరుదు. శనగ పొట్టి పైరు, దానికి మంచె అక్కర్లేదు. కాపలాకు మనుషులూ లేరు. పిల్లలు బళ్లో ఉన్నారు, ఉండాలి. కుర్రాళ్లు హైదరాబాదు, బెంగళూరు పనుల్లో ఉన్నారు. రాత్రి కాపలాకు కూలి ఇచ్చుకునే స్తోమత చిన్న రైతుకు లేదు. కాబట్టి చేను చుట్టూ పాత చీరలు కడతారు. ఇంట్లో చీరలు చాలక పట్నంలో కట్టలుగా కొని తెస్తారు. గాలికి రొద చేయడానికి టేపు రీళ్లు కడతారు. మైకులో కుక్కల అరుపులు, మనుషుల కేకలు రికార్డు చేసి రాత్రంతా మోగిస్తారు. మొదటి వారం జింకలు బెదురుతాయి, రెండో వారం ఆ మైకు పక్కనే మేస్తాయి. సోలార్ కంచె పనిచేస్తుంది గాని, దాని ఖరీదు చిన్న రైతు భరించలేడు. చేసేది లేక కొందరు దొంగచాటుగా కరెంటు తీగ పరుస్తారు. దానికి జింక చస్తుంది, తెలియక అటు వచ్చిన పక్క చేని రైతూ చస్తాడు. అది ఎవరూ సమర్థించకూడని పని. అందుకు తెగించే దాకా మనిషిని తెచ్చింది మాత్రం దిక్కులేనితనం.

పరిహారం సంగతి మా ఇంటి అనుభవంతో చెబుతాను. ఒక ఏడు శనగ మొలకంతా పోయినప్పుడు మా తమ్ముడు అర్జీ పెట్టాడు. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు పంపింది. అడంగలు కాపీ, పాసుపుస్తకం, ఫొటోలు అన్నీ ఇచ్చాడు. చూడటానికి మనిషి వచ్చేసరికి, పదును పోతుందన్న ఆత్రంతో తమ్ముడు మళ్లీ విత్తిన శనగ మొలిచి ఉంది. నష్టం కనబడటం లేదని రాసుకుని వెళ్లారు. విత్తకుండా ఆగితే పంట పోతుంది, విత్తితే సాక్ష్యం పోతుంది. కౌలు రైతు పరిస్థితి ఇంకా కష్టం. కాగితం భూమి యజమాని పేరున ఉంటుంది. రాత్రంతా మేల్కొన్నవాడి పేరు ఏ రికార్డులోనూ ఉండదు.

ఇది నంద్యాల, కర్నూలుకే పరిమితం కాదు. కృష్ణానది వెంబడి నారాయణపేట జిల్లాలోని కృష్ణ, మాగనూరు మండలాల రైతులూ ఇదే గోడు చెబుతున్నారు.

ఇతరులు ఏం చేశారు

మన పొరుగునే ఒడిశా గంజాం జిల్లాలో భేట్‌నోయి ప్రాంతపు ఊళ్లున్నాయి. కృష్ణజింక చేలో తిరిగితే వాన పడుతుందని, మంచి జరుగుతుందని అక్కడి రైతుల నమ్మకం. తరాలుగా వాటిని కాపాడుకుంటూ వచ్చారు. వాళ్ల మంచితనం గొప్పది. ఆ మంచితనం మీదే ప్రభుత్వాలు ఎప్పటికీ ఆధారపడకూడదు. నమ్మకంతో కాపాడినవాడికీ పిల్లల చదువులున్నాయి, అప్పులున్నాయి.

బీహారులో నీల్‌గాయి బెడద మితిమీరినప్పుడు 2015 చివర్లో కేంద్రం కొన్ని జిల్లాల్లో దాన్ని కొంతకాలం హానికర జంతువుగా ప్రకటించి కాల్పులకు వీలిచ్చింది. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది కాబట్టి ఆ దారి దానికి లేదు. ఉండాలని నేనూ కోరను. మధ్యప్రదేశ్ 2025లో ఇంకో దారి చూపింది. షాజాపూర్ ప్రాంతంలో హెలికాప్టరు సాయంతో మందలను గరాటులా కట్టిన తెరల మధ్యకు మెల్లగా తోలి, మత్తు సూదులు లేకుండా పట్టి, ఎనిమిది వందలకు పైగా కృష్ణజింకలను దూరంగా అభయారణ్యాలకు తరలించారు. చంపకుండా రైతును కాపాడవచ్చని దానితో తేలింది. తరలించిన చోట గడ్డి ఉంటేనే ఆ పని నిలుస్తుంది.

ఫసల్ బీమా పథకంలో అడవి జంతువుల నష్టాన్ని కలపాలా వద్దా అన్నది చాలా కాలం రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. 2026 ఖరీఫ్ నుంచి ఈ నష్టాన్నీ బీమాలో చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లో ఫొటోలతో యాప్‌లో తెలపాలి. ఆలస్యంగానైనా ఇది మంచి అడుగు. మొలక దశలో పోయిన పంటకు, మళ్లీ విత్తిన ఖర్చుకు, కౌలు రైతుకు అది అందితేనే మా ఊళ్లకు ఉపయోగం.

ఇప్పుడు కావలసింది

మొదటిది, ఫొటో తీసిన 72 గంటల్లోనే ఊళ్లోని సచివాలయ సిబ్బందితో చేను చూపించి రాయించాలి. అది అయ్యాక రైతు మళ్లీ విత్తినా నష్టం నష్టంగానే లెక్కకు రావాలి. రెండోది, చేను ఎవరు చేస్తే డబ్బు వాళ్లకే అందాలి. మూడోది, పాత కాలపు ఊరుమ్మడి కాపలాను నేటి కూలి రేటుతో మళ్లీ నిలబెట్టాలి. జింకలున్న ప్రతి ఊళ్లో విత్తనం నుంచి కోత దాకా రాత్రి కాపలా మనుషులను ప్రభుత్వమే జీతమిచ్చి పెట్టాలి. ఊళ్లో పనికోసం చూస్తున్న చేతులున్నాయి, వాళ్లకు కూలి దొరుకుతుంది, మా తమ్ముడి వంటి ముసలివాళ్లకు నిద్ర దొరుకుతుంది. నాలుగోది, మిగిలిన బీళ్లను బంజరు అనే పేరు కింద ఇంకెవరికీ రాసివ్వకుండా మేత భూములుగా నిలపాలి. గొర్రెలకూ జింకలకూ అవే ఆధారం.

వీటికి డబ్బు కావాలంటారు. ఆ డబ్బు ఇప్పటికీ ఖర్చవుతూనే ఉంది. ప్రతి చలికాలం నంద్యాల, కర్నూలు మెట్ట రైతులు తమ విత్తనంతో, తమ నిద్రతో దాన్ని కడుతున్నారు. కృష్ణజింకను రాష్ట్ర జంతువుగా ఎంచుకున్నది రాష్ట్రం. దాని మేత ఖర్చు మోయవలసిందీ రాష్ట్రమే. రైతు ఆ ఖర్చును ఇంకా ఒంటరిగా మోయడం సబబు కాదు.